ఆట మనది, అరుగెవరిది?

(అంబేద్కర్ యువజన సంఘాల శిక్షణా తరగతుల రెండో రోజున, వీడియో గేములు లైవ్ పెట్టడం గురించి మా వాడ యువజన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటినుంచీ ఇక్కడ భూమి గురించి మాట్లాడారు. అట్రాసిటీ కేసుల గురించి, హాస్టళ్ళ గురించి మాట్లాడారు. ఇప్పుడు మేం లేచి ఫోనులో ఆట లైవ్ ఎట్టా పెట్టాలో చెబుతామంటే ముందు వరుసలో పెద్దలు మొహం చిట్లిస్తారని మాకు తెలుసు. నిన్న భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడగనే అడిగారు: "కూలికెళ్ళి తెచ్చిన డబ్బులు రీచార్జికి తగలేస్తా వున్నారు, పైగా దానికో క్లాసా?" ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. ఆ మాటకు జవాబు చెప్పకుండా మేం ఈ మైకు దిగం.

ముందు సంగతేందో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో. మన పిల్లలు ఫోనులో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనీ, బీజీఎంఐ అనీ ఆడతారు. విమానంలోనుంచి ఒక దీవిలోకి దూకుతారు, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు, ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. ఆ ఆటను ఆడుతున్నప్పుడే యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లోకానికంతా చూపించడమే లైవ్. ఆడేవాళ్ళు మాట్లాడతా ఆడతారు. చూసేవాళ్ళు కింద చాట్‌లో రాస్తా వుంటారు, ఆడేవాళ్ళు చదివి జవాబు చెబుతారు. అమెరికాలో ట్విచ్ అనే కంపెనీ 2011లో ఇదే పనిగా మొదలైంది. 2014లో అమెజాన్ దాన్ని సుమారు 97 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒకరి ఆట చూడటానికి ఇంకొకరు వస్తారని, ఆ వచ్చిన జనం సొమ్ము అవుతారని షావుకార్లు అప్పుడే కనిపెట్టారు. మన దగ్గర 2016 సెప్టెంబరులో జియో దిగి డేటా చవకయ్యాక ఈ ఆట పల్లెలకొచ్చింది.

ఆడి చూపించడం మనకు కొత్తేమీ కాదు. చిందు భాగోతం ఆడింది మనోళ్ళే, డప్పు కొట్టింది మనోళ్ళే. తెల్లారేదాకా ఆడితే చూసిన వూరు ఆఖరికి ఇంత మేర కొలిచి, చేతికి తగలకుండా పైనుంచి పోసింది. ఆట మనది, అరుగు వాళ్ళది. ఇప్పుడు లైవ్‌లో ఆ సంగతి మారిందా లేదా అన్నదే మేం చెప్పబోయేది.

మా అనుభవం చెబుతాం. మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, పగలు టైల్స్ పనికి పోతాడు. ఆటలో చెయ్యి చురుకు, మాటలో ఇంకా చురుకు. అంబేద్కర్ విగ్రహం వెనక మాకో రేకుల గది వుంది, దాన్నే ఆఫీసంటాం. అందులో కూర్చుని మొదటి లైవ్ పెట్టాడు. పదకొండు మంది చూశారు. అందులో తొమ్మిది మందిమి మేమే. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. ఎదుటివాడు చెట్టు వెనక నక్కితే, "అదిగో, అప్పులాడొస్తే మా బాబాయి దాక్కున్నట్టు దాక్కున్నాడు" అంటాడు. మేం పడీపడీ నవ్వాం.

అప్పుడు చాట్‌లో ఎవరో "ఏ వూరు బ్రో?" అన్నారు. చెప్పాడు. "ఏ వీధి?" అన్నారు.

ఈ ప్రశ్న మనకు కొత్తా? బడిలో అడిగారు. టౌన్లో అద్దె ఇల్లు వెతికితే అడిగారు. ఇప్పుడు ఆటలో గూడా అడుగుతున్నారు. తమ్ముడు నవ్వి దాటేశాడు. అంతలో పక్కవూరి కుర్రాడెవడో "వీడిది పల్లె రా" అని రాశాడు. ఇక చూస్కోండి. ఐదు నిమిషాల్లో చాట్ నిండా బూతులు. మా అమ్మల్ని తిట్టారు, మా తిండిని తిట్టారు, మా తాత చేసిన పనిని తిట్టారు. వెనకటికి మనల్ని తిట్టాలంటే వూళ్ళోనుంచి పల్లె దాకా నడిచి రావాలి, తిట్టినోడి మొహం కనపడేది. ఇప్పుడు దుప్పట్లో పడుకుని తిట్టొచ్చు. తమ్ముడు లైవ్ కట్టేశాడు. ఫోను బల్లమీద పెట్టేసి ఇంటికి పోయాడు. మూడు రోజులు మాకు కనపడలా.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. ఏడాదినుంచీ అతను వేరే ఖాతాతో ఆడుతున్నాడు. ఆ పేరు చివర పైకులం తోక వుంది. ఆ తోక వున్నన్నాళ్ళూ ఏ వీధని ఒక్కడూ అడగలేదంట. టీముల్లోకి పిలిచారంట, "అన్నా" అన్నారంట. మేం దీన్ని మీటింగులో పెట్టాం. గొడవ గొడవైంది. సిగ్గుచేటని ఒకరన్నారు. "1994లో ఈదుముడిలో దండోరా పుట్టిందగ్గర్నుంచీ మనం మాదిగ అని పేరు చివర పెట్టుకుని తలెత్తుకుంటా వుంటే, నువ్వు వాళ్ళ తోక తగిలించుకుంటావా?" అని ఇంకొకరు లేచారు. తమ్ముడు అంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు: "పేరు పెడతానన్నా. రాత్రి పదింటికి చాట్‌లో బూతులొస్తే, ఆ టైముకి నా పక్కన మీలో ఎవరుంటారు?"

ఆ రోజు మేం జవాబు చెప్పలేకపోయాం. ఇవాళ ఇక్కడ మాట్లాడుతున్నదంతా ఆ ప్రశ్న గురించే.

ఆటలో కులమేంది, చేతిలో పనితనముంటే చాలదా అనేవాళ్ళు పల్వంకర్ బాలూ సంగతి వినాలి. చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి బౌలర్. పూనాలో హిందువుల జట్టు గెలవాలంటే ఆయన కావాలి. ఆయన ముట్టుకున్న బంతిని గ్రౌండులో అందరూ ముట్టుకున్నారు. టీ టైములో మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. ఐనా కెప్టెన్‌గిరీ ఇవ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ హిందువుల జట్టుకు కెప్టెన్ అయ్యాడు, అదీ ఎంతో రగడ తర్వాత. పాత కథ అనుకుంటారేమో. 2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ హాకీ సెమీఫైనల్లో మన ఆడపిల్లల జట్టు అర్జెంటీనా చేతిలో ఓడింది. హరిద్వార్ దగ్గర వందన కటారియా ఇంటిముందు టపాకాయలు కాల్చి, గంతులేసి, కులం పేరుతో తిట్టారని ఆ కుటుంబం కేసు పెట్టింది. దేశం తరఫున ఆడిన బిడ్డకు జరిగింది ఇది.

అదే ఆగస్టులో సముద్రాల అవతల నల్లజాతి వాళ్ళకేం జరిగిందో గూడా చెప్పాలి. ట్విచ్‌లో రెయిడ్ అని ఒక ఏర్పాటుంది. ఒకరు లైవ్ ముగించేటప్పుడు తన దగ్గరున్న జనాన్నంతా ఇంకొకరి లైవ్‌లోకి పంపొచ్చు. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళు చేయూతనివ్వడానికి పెట్టిన పద్ధతి. జాత్యహంకారులు దాన్నే కత్తిగా చేసుకున్నారు. నల్లజాతి ఆటగాళ్ళ చాట్‌లోకి వందలకొద్దీ దొంగ ఖాతాలతో ఒక్కసారిగా పడి బూతులతో నింపారు. ఆటగాళ్ళు ఏం చేశారు? 2021 సెప్టెంబరు 1న ఒకరోజు సమ్మె కట్టారు. ఆ రోజు ట్విచ్‌లో లైవ్ పెట్టొద్దు, చూడొద్దు అని పిలుపిచ్చారు. ఫోను నెంబరు రుజువు చేసుకున్న ఖాతాలకే చాట్‌లో చోటిచ్చే వీలు ఆ నెలాఖరుకు కంపెనీ తెచ్చింది. బ్రిటన్‌లో 2015లోనే ఒక నల్లజాతి మహిళ, ఆటలాడే నల్లజాతి ఆడవాళ్ళ కోసం బ్లాక్ గర్ల్ గేమర్స్ అనే సంఘం పెట్టుకున్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ వాళ్ళు అమెరికా నల్ల పాంథర్లను చూసి పేరు పెట్టుకున్నట్టే, ఇప్పుడు మనం వీళ్ళనుంచి ఒకటి నేర్చుకోవచ్చు. ఒంటరిగా అరుగెక్కినవాణ్ణి కొడతారు. పదిమందితో ఎక్కితే కొట్టడానికి ముందు ఆలోచిస్తారు.

అందుకని మేం ఇట్టా నిర్ణయం చేసుకున్నాం. చానల్ సంఘం పేరుమీద వుంటది. ఆడేది ఒకరైనా, లైవ్ నడిచేంతసేపూ ఇద్దరు వేరే ఫోన్లలో చాట్‌కు కాపలా వుంటారు. యూట్యూబ్‌లో వీళ్ళను మోడరేటర్లంటారు. వంతులేసుకున్నాం, పొలానికి నీళ్ళ వంతులేసుకున్నట్టు. పైకులం తోక తగిలించుకున్న తమ్ముణ్ణి మేం తప్పుపట్టలేదు. ఆ తోక లేకపోతే ఆడనివ్వని వాళ్ళను వదిలేసి, తోక పెట్టుకున్న పిల్లాణ్ణి నిలదీయడం న్యాయమా? సొంత పేరు చెప్పాలా, వాడ పేరు చెప్పాలా, కులం చెప్పాలా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. సంఘం బలవంతం చెయ్యదు. చెప్పినరోజు మాత్రం సంఘమంతా పక్కనుంటది.

ఇక పని సంగతికొద్దాం. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

కొత్త ఫోను కొనొద్దు. ఆట ఆగకుండా ఆడే ఫోను చాలు. ఆటనూ లైవ్‌నూ ఒక్క ఫోనే మొయ్యాలి కాబట్టి వేడెక్కుద్ది. గ్రాఫిక్స్ తగ్గించుకోండి, వెనక కవరు తీసేయండి. వైరున్న ఇయర్‌ఫోను మైకు చాలు. ఫ్యాను కింద కూర్చుంటే మైకులో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. బొమ్మ మసగ్గా వున్నా జనం సర్దుకుంటారు, గొంతు తెగిపోతే నిలబడరు.

సంఘానికి విడిగా ఒక జీమెయిలు, దానిమీద చానల్. ఆ పాస్‌వర్డు ఇద్దరి దగ్గరుండాలి, ఒక్కరి దగ్గరే వుంటే రేపు అలిగినప్పుడు చానల్ పోద్ది. ఫోను నెంబరుతో చానల్‌ను రుజువు చేసుకోవాలి. మొదటిసారి లైవ్‌కు అనుమతి అడిగాక 24 గంటలు ఆగాలి. ఫోనులో యూట్యూబ్ యాప్ నుంచే లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. ఫేస్‌బుక్‌లో 2024 జూన్ నుంచి ఖాతాకు 60 రోజుల వయసూ, 100 మంది ఫాలోవర్లూ అడుగుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్ 2025లో వెయ్యిమంది ఫాలోవర్లుంటేగాని లైవ్ లేదంది. కాబట్టి యూట్యూబ్ నుంచి మొదలుపెట్టడం తేలిక. యాభై మంది ఎక్కణ్ణుంచి వస్తారంటారా? మేం ఒక్క పెళ్ళి భోజనాల బంతిలో చేర్చాం. పదహారేళ్ళు నిండని పిల్లలు పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా లైవ్ పెట్టకూడదని 2025 జూలై నుంచి యూట్యూబ్ నియమం. ఇది మంచిదే. వాడ పెద్దల్లో ఒకరు గదిలో కూర్చోండి, మీకూ తెలుస్తది పిల్లలు ఏం చేస్తున్నారో.

ఫోను తెరను లైవ్‌కు పంపడానికి ప్రిజమ్ లైవ్ స్టూడియో, స్ట్రీమ్‌ల్యాబ్స్ లాంటి యాపులున్నాయి. కంప్యూటరుంటే ఓబీఎస్ స్టూడియో. 2012 నుంచి వుంది, పైసా ఖర్చులేదు, దాని కోడ్‌ను రాసినవాళ్ళు అందరికీ తెరిచిపెట్టారు. ఇంత కట్టి ఫలానా సాఫ్ట్‌వేర్ కొనమని ఎవరన్నా చెబితే దండం పెట్టి వచ్చేయండి. వీటిలో స్ట్రీమ్ కీ అని పొడుగాటి అక్షరాలు అడుగుతారు. అది ఏటీఎం పిన్నుతో సమానం. అది తెలిసినవాడు మన చానల్‌లో వాడికిష్టమొచ్చిన బొమ్మ వెయ్యగలడు.

లైవ్ మొదలుపెట్టే ముందు ఫోనులో డు నాట్ డిస్టర్బ్ నొక్కండి. ఇది మరిచిపోవద్దు. లేకపోతే వచ్చిన మెసేజిలన్నీ తెరమీద పడతాయి, ఓటీపీలతో సహా. ఒకసారి మా లైవ్‌లో డ్వాక్రా కిస్తీ బాకీ మెసేజి పడింది, ఫోను వాళ్ళమ్మది. రెండు వూళ్ళు చదివాయి. మొదటి రెండుమూడు సార్లు అన్‌లిస్టెడ్ అని పెట్టుకుని అలవాటు చేసుకోండి. అప్పుడు లింకు ఇచ్చినవాళ్ళకే కనపడుద్ది.

డేటా లెక్క చెబుతాం. మామూలుగా చూసేటప్పుడు డేటా కిందికి దిగుద్ది. లైవ్‌లో మన దగ్గర్నుంచి పైకి ఎక్కాలి. ఆ ఎక్కే వేగమే మనకు ముఖ్యం. 720 సైజు బొమ్మను సెకనుకు రెండున్నర మెగాబిట్లతో పంపితే గంటకు 1.1 జీబీ దాకా పోద్ది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఎనభై నిమిషాల్లో ఖాళీ. ఒక మెగాబిట్‌కు తగ్గించి చిన్నసైజు బొమ్మ పంపితే గంటకు 450 ఎంబీ. మేం అట్టాగే పంపుతున్నాం, ఎవరూ ఫిర్యాదు చెయ్యలా. టవరు వూళ్ళో వుంది, మా పల్లెలో రెండు గీతలే వస్తాయి, మంచినీళ్ళ కుళాయి లాగానే. వాటర్ ట్యాంకు పక్కన మూడో గీత దొరికింది. మా లైవ్‌లో ఎప్పుడన్నా నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడితే అదన్నమాట.

సినిమా పాటలు వెయ్యొద్దు. పాట హక్కుదారు ఫిర్యాదు చేస్తే స్ట్రయికు పడుద్ది, తొంభై రోజుల్లో మూడు పడితే చానల్ పోద్ది. మేం మా డప్పునే రికార్డు చేసుకుని మొదట్లో వేసుకుంటున్నాం. దానికి హక్కుదార్లం మేమే.

ఒక్క ఆటనే నమ్ముకోవద్దు. 2020 సెప్టెంబరులో పబ్జీని ప్రభుత్వం నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, మ్యాక్స్ మిగిలింది. పబ్జీ బదులు 2021లో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఒక్క ఆట మీదే చానల్ కట్టుకున్నవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యారు. క్యారమ్స్, చదరంగం, లూడో ఏదైనా లైవ్ పెట్టొచ్చు. మా దగ్గర ఎక్కువమంది చూసింది, నిజం చెప్పాలంటే, ఇద్దరు ముసలాళ్ళు ఫోనులో లూడో ఆడుతూ పోట్లాడుకున్న లైవ్.

భాష గురించి ఒక్క మాట. చాలామంది మన పిల్లలు లైవ్ పెట్టగానే టీవీ యాంకర్ గొంతు తెచ్చుకుంటారు. వద్దు. మీ అమ్మతో ఎట్టా మాట్లాడతారో అట్టా మాట్లాడండి. మ్యాచ్ మొదలవటానికి ముందు రెండుమూడు నిమిషాలు ఖాళీ వుంటది. అప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడో చెప్పండి, హాస్టల్లో కూర ఎట్టా వుందో అడగండి. అంతే. దాన్ని పట్టుకుని గంట ఉపన్యాసం ఇస్తే ఉన్న పదకొండు మందీ పోతారు. ఈ మాట మాలాంటి ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు గూడా.

ఇప్పుడు కాపలా సంగతి. యూట్యూబ్ సెట్టింగుల్లో బ్లాక్డ్ వర్డ్స్ అని వుంటది. అక్కడ రాసిన మాట ఏ చాట్‌లో వున్నా అది కనపడకుండా ఆగిపోద్ది. మేం ఒక రాత్రంతా కూర్చుని మనల్ని తిట్టే తిట్లన్నీ రాశాం. తెలుగులో రాశాం, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాశాం. ఎంత పెద్ద జాబితా అయ్యిందో చెప్పటానికి మాకు నోరు రావట్లేదు. రాస్తారాస్తా ఒకచోట ఆగిపోయాం. మన కులాల పేర్లే వాళ్ళకు తిట్లు. ఆ పేర్లను బ్లాక్ చేస్తే తిట్టేవాళ్ళ నోరు మూతపడుద్ది, కానీ "నేను మాలోణ్ణి", "నేను మాదిగోణ్ణి" అని గర్వంగా రాసే మన తమ్ముడి నోరు గూడా మూతపడుద్ది. మన పేరును మనమే నిషేధించుకుంటామా? చెయ్యలేదు. ఆ పేర్లను వదిలేశాం. అక్కడ కాపలా వున్న మనిషే చదివి తేల్చాలి. మిషన్‌కు అవమానం తెలీదు, అభిమానమూ తెలీదు. బూతులు ఎక్కువైతే స్లో మోడ్ పెట్టండి, ఒక్కొక్కరు ఇన్ని సెకన్లకు ఒక్కసారే రాయగలుగుతారు. ఇంకా ముదిరితే సబ్‌స్క్రైబర్లు మాత్రమే రాసేలా మార్చండి.

తిట్టినవాణ్ణి తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తియ్యండి. వాడి చానల్ లింకు, తేదీ, టైము రాసిపెట్టండి. ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలో 3(1)(ఆర్), 3(1)(ఎస్) అని రెండు సెక్షన్లున్నాయి. ప్రజలు చూసేచోట అవమానించడం, కులం పేరుతో తిట్టడం నేరం. ఇంటర్నెట్‌లో పెట్టిందీ ప్రజలు చూసేచోటు కిందికే వస్తదని 2022లో కేరళ హైకోర్టు ఒక యూట్యూబ్ చానల్ వాడి ముందస్తు బెయిల్ కేసులో చెప్పింది. దొంగ ఖాతా వెనక ఎవరున్నారో పోలీసులు కంపెనీని అడిగి తెప్పించాలి, అందుకు కాలం పడుద్ది. స్టేషన్‌కు ఒక్కరే వెళ్ళొద్దు. 14566 అని దళితుల మీద దాడులకు హెల్ప్‌లైన్ నెంబరుంది, రాసుకోండి. మా తమ్ముణ్ణి తిట్టినవాళ్ళలో ఇద్దర్ని పక్కవూరి కుర్రాళ్ళుగా గుర్తుపట్టాం. స్క్రీన్‌షాట్లు తియ్యకపోవడం మా తప్పు. ఆ తప్పు మీరు చెయ్యొద్దు.

ఇక డబ్బు. పెద్దాయన అడిగిన మాట.

లైవ్ పెట్టగానే డబ్బులు రాలతాయని ఎవరన్నా చెబితే అబద్ధం. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే మామూలుగా వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం చూసిన 4000 గంటలు కావాలి. పదిమంది రోజూ రెండేసి గంటలు చూస్తే రోజుకు 20 గంటలు. అట్టా 200 రోజులు ఒక్కరోజు తప్పకుండా నడిపితే 4000. చూసేవాళ్ళు సూపర్ చాట్ అని వంద రూపాయలిస్తే ముప్పై కంపెనీ తీసుకుని డెబ్భై మనకిస్తది. లెక్కలో వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి ఏమీ రాదు. మేర కొలిచే పద్ధతి మారింది కానీ కొలిచే చెయ్యి మనది కాలేదు. ఈ నియమాలన్నీ రేపు పొద్దున మారిస్తే అడిగేనాథుడు లేడు. కాబట్టి చదువు మానొద్దు, పని మానొద్దు. మా తమ్ముడు ఇవాళ్టికీ పగలు టైల్స్ పనికే పోతున్నాడు.

కొంతమంది తెరమీద యూపీఐ క్యూఆర్ పెడతారు. దాన్ని స్కాన్ చేస్తే బ్యాంకులో వున్న పూర్తి పేరు కనపడుద్ది, చాలాసార్లు ఐడీలోనే ఫోను నెంబరుంటది. ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? పెడితే నెంబరు లేని ఐడీ చేయించుకుని పెట్టండి. ఆడపిల్లలు అసలు పెట్టొద్దు.

ఆటలో డైమండ్లు, యూసీలు కొనడం సంఘంలో నిషేధం. తుపాకీకి రంగు వెయ్యటానికి అమ్మ కూలి డబ్బు పొయ్యటమా? ఇందులో పెద్దాయన పక్షాన్నే మేమున్నాం. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. మా చానల్‌కు ఐదొందల మంది దాటగానే ఒక మెసేజి వచ్చింది. మా యాప్ లింకు పెట్టండి, వారానికి ఇంత ఇస్తాం అని. అంకె చూసి మా అందరికీ నోట్లో నీళ్ళూరిన మాట వాస్తవం. అది పందేల యాప్. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. దాన్నిబట్టి నడిపినవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, ప్రచారం చేసినవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. పట్టుబడినప్పుడు యాప్ వాడు ఏ దేశంలోనో వుంటాడు, లింకు పెట్టిన మనోడు స్టేషన్లో వుంటాడు. పందెంలో డబ్బు పోగొట్టుకునేది ఎవరు? మనల్ని నమ్మి చూసే పక్క పల్లె పిల్లాడే. మెసేజి పంపినవాణ్ణి ఆ రాత్రే బ్లాక్ చేశాం.

మరి డబ్బు లేదు, తిట్లున్నాయి, ఇంక ఎందుకయ్యా అంటారా? 1920 జనవరిలో బాబాసాహెబ్ మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బిస్తాం ప్రకటన వెయ్యండి అంటే తిలక్ పత్రిక కేసరి వెయ్యలేదు. పత్రిక పెట్టాలంటే అచ్చుకు డబ్బు కావాలి, కాయితానికి డబ్బు కావాలి. మన పిల్లలు ఇవాళ రేకుల గదిలో కూర్చుని నోరు తెరిస్తే ఏ జిల్లాలోనో వున్న పిల్లాడు వింటున్నాడు. అందులో ఆట ఒక సాకు. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ నుంచి ఒక పిల్లాడు రాస్తాడు: "అన్నా, మా వార్డెన్ కొట్టాడు." అది మాకు ఏ అర్జీలోనూ రాని సంగతి. అతను మమ్మల్ని వెతుక్కుంటూ రాలేదు, ఆట కోసం వచ్చాడు. మనిషి దొరికాడని చెప్పుకున్నాడు. పెద్దాయనకు మా జవాబు ఇదే. ఆయన ఒప్పుకుంటారో లేదో మాకు తెలీదు.

ఆడపిల్లల మాట చెప్పి ముగిస్తాం. మా వాడలో అందరికంటే బాగా ఆడేది ఒక చెల్లెలు. ఈ సంగతి మాకు ఆర్నెల్ల దాకా తెలీదు. ఎందుకంటే ఆ పిల్ల ఎప్పుడూ మైకు కట్టేసి, మగపేరుతో ఆడేది. గొంతు వినపడితే ఆటలోనే బూతులు మొదలవుతాయంట. తమ్ముడికి కులం తోక కావాల్సొచ్చింది, ఆ పిల్లకు మగపేరు గూడా కావాల్సొచ్చింది. పోయిన నెల మీటింగులో తనే లేచి, "కాపలాకు అక్కలు కూర్చుంటే నేను మైకు తెరిచి ఆడతా" అంది. మగాళ్ళు కూర్చుంటామంటే వద్దంది. మేం కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే ఆ పిల్ల అడిగింది సరైందే.

వచ్చే ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆ చెల్లెలి లైవ్ వుంది. కాపలాకు నలుగురు అక్కలు కావాలి, ఇద్దరు దొరికారు. స్క్రీన్‌షాట్లు తియ్యటానికి ఇంకొకరు కావాలి, తెలుగు చదవటం వస్తే చాలు. పేర్లిచ్చేవాళ్ళు భోజనాలప్పుడు నీళ్ళ డ్రమ్ము దగ్గర మా కోసం చూడండి. వైరున్న ఇయర్‌ఫోను ఎవరి దగ్గరన్నా అదనంగా వుంటే తీసుకురండి, మాది ఒక పక్కే వినపడుతుంది.

జై భీమ్.